అద్దం వెనక ఫ్యాను: అనంతపురం మిద్దె మీద నా ఆరంగుళాల టెలిస్కోపు

ఇంట్లో కట్టుకున్న టెలిస్కోపులో ఏది గొప్పదంటే అందరూ అద్దమే అంటారు. ఇన్నేళ్ళు వాడాక నా ఓటు మాత్రం దాని వెనకున్న 80 మిల్లీమీటర్ల పాత కంప్యూటరు ఫ్యానుకే.

అద్దం నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) 1200 మిల్లీమీటర్లు, కింద గొట్టాన్ని చేత్తో తిప్పుకునే ప్లైవుడ్ డాబ్సోనియన్ పెట్టె. మిగతాది కట్టినవాళ్ళకు తెలిసిందే. ఐపీసుకు, అంటే కన్ను పెట్టి చూసే కటకానికి, ఫోను బిగించి వీడియో తీస్తాను. ఆకాశంతో పాటు గొట్టాన్ని తిప్పే ట్రాకింగ్ లేదు కాబట్టి గ్రహం సెకనుకు దాదాపు 15 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) జరిగిపోతూనే ఉంటుంది. ఆ కాసేపట్లో దొరికిన ఫ్రేముల్లోంచి మంచివి ఏరి ఆటోస్టాకర్ట్ అనే సాఫ్ట్‌వేరులో ఒకే ఫొటోగా కలపాలి. ఎండాకాలం మా ఊళ్ళో ఆ మంచి ఫ్రేములే దొరకవు.

మిద్దె మీది గదిలో పగలంతా వేడెక్కిన అద్దపు మందపాటి గాజు రాత్రి తొందరగా చల్లారదు. దాని ముఖం మీద వేడిగాలి పొర కదులుతూ ఉంటుంది. గురుడు మరిగే నీళ్ళ అడుగున రూపాయి బిళ్ళలా ఊగుతాడు, ఫోకస్ ఎంత తిప్పినా అతని మీది పట్టీలు విడిపడవు. ఒక ఏప్రిల్ రాత్రి ఫ్యాను వేసి, అద్దం చల్లారేదాకా చాలాసేపు ఆగి చూశాను. రెండు పట్టీలు, దక్షిణపు పట్టీలో ఎర్ర మచ్చ దగ్గరి నొక్కు, కలపకముందే ఫోను తెర మీద కనబడ్డాయి! మా ఆవిడను పైకి పిలిచాను. “నిన్న ఈ గీతలు లేవు కదా” అంది. ఆ రాత్రి సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

అయితే ఫ్యాను తిరుగుతుంటే 200 రెట్లలో బొమ్మ సన్నగా వణుకుతుంది. స్క్రూలు తీసేసి సైకిల్ ట్యూబు ముక్కలతో వేలాడదీశాక చాలావరకు తగ్గింది. అయినా వీడియో తీసేటప్పుడు ఆపేస్తాను. ఆపాక వేడి పొర మళ్ళీ చేరేలోపు పని కానిచ్చేయాలి. దుమ్మును కూడా లోపలికి లాగుతుంది, వెనక నైలాన్ వల కట్టక తప్పలేదు. అర్ధరాత్రి దాకా స్లాబు నుంచి లేచే సెగను ఫ్యాను ఏమీ చేయలేకపోతుంది. ఆషాఢం గాలికి గొట్టమే ఊగిపోతుంది. ఈ వైపు గాలి ఎలాంటిదో రామగిరి కొండల మీది గాలిమరలు చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

మట్టినేల పెరడు ఉండి, పొద్దు గూకగానే గొట్టం బయట పెట్టగలిగినవాళ్ళకు ఈ ఫ్యాను లేకపోయినా గడుస్తుంది. నేను ఇల్లు చేరేసరికే ఎనిమిదవుతుంది, మిద్దె తప్ప వేరే చోటు లేదు. డిసెంబరులో దాని అవసరం పెద్దగా పడదు. మార్చి నుంచి జూన్ దాకా మాత్రం ఫ్యాను లేకుండా గ్రహాల ఫొటోలకు నేను కూర్చోను.