మనవలందర్నీ కలిపి తిప్పడమా, ఒక్కొక్కరికీ ఒక రోజు ఇవ్వడమా – ఏది మేలు?

ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే మా అపార్ట్‌మెంట్లో ఏ ఫ్లాట్ తలుపు తట్టినా ఇదే మాట, పిల్లలు ఎప్పుడొస్తున్నారు, ఎన్నాళ్లుంటారు, ఈ ఎండల్లో ఎక్కడికని తిప్పుతాం అని. 2025 వేసవిలో మేం ముగ్గురు మనవలకీ తలా ఒక రోజు విడిగా పెట్టామని తెలిసిన దగ్గర్నుంచి పొద్దున వాకింగ్‌లో ఎంతమంది అడిగారో, "అదేంటండీ, ఒకళ్లని తీసుకెళ్తే మిగతావాళ్లు ఊరుకుంటారా, అందర్నీ కలిపి ఒకేసారి తిప్పేస్తే పోలా" అని. నడుస్తూ చెప్తే సగం మాటలు అక్కడే పోతున్నాయి, అందుకే కూర్చుని మొత్తం రాస్తున్నా.

మా అమ్మాయి పిల్లలిద్దరు, పెద్దాడికి అప్పుడు 11, చిన్నదానికి 7, వాళ్లుండేది బెంగళూరులో. అబ్బాయి కూతురు, మేం బుజ్జిది అంటాం, దానికి 5, హైదరాబాద్ నుంచి వస్తుంది. ఈ ముగ్గురూ ఒకేసారి విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంట్లో ఉండేది ఏడాది మొత్తం మీద మే నెలలో ఓ పన్నెండు రోజులు.

అందర్నీ కలిపి తీసుకెళ్లడంలో మంచి లేదని నేననను. బావా మరదళ్లు, వదినా మరదళ్లు ఒక చోట చేరేదే అప్పుడు, ఒకే చిప్స్ ప్యాకెట్ కోసం కొట్టుకుని పది నిమిషాలకి మళ్లీ ఒకటైపోతేనే కదా రేపు పెద్దయ్యాక ఒకళ్లకొకళ్లు అన్న మాట ఉండేది. ఖర్చూ కలిసొస్తుంది, ఒక బండి, ఒక పూట అలసటతో అయిపోతుంది. 2024లో మేం చేసిందీ అదే. పున్నమి ఘాట్‌లో బోటెక్కి భవానీ ఐలాండ్ వెళ్లాం, 133 ఎకరాల లంక, పిల్లలు పరిగెత్తుకోవడానికి కావాల్సినంత చోటు, పరిగెత్తారు కూడా. నేను మాత్రం ఆ పూటంతా ముగ్గురూ కనపడుతున్నారా లేదా అని చూసుకోవడం, నీళ్ల బాటిళ్లు మొయ్యడం, ఒడ్డుకి వెళ్లకండర్రా వెళ్లకండి అని అరవడం, ఇదే పని.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక ఫోన్లో ఫోటోలు చూసుకుంటుంటే చిన్నది ఒక్క దాంట్లో కూడా కెమెరా వైపు లేదు. అన్నిట్లో నా వైపే తిరిగి ఉంది, రెండిట్లో నా కొంగు దాని గుప్పిట్లో ఉంది, ఒకదాంట్లో నోరు సగం తెరిచి ఉంది, ఏదో చెప్పబోతోంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, బోటులో "అమ్మమ్మా, అమ్మమ్మా" అని పిలిచింది, ఉండు తల్లీ అన్నాను, టిఫిన్ దగ్గర మళ్లీ పిలిచింది, పెద్దాడు మధ్యలో దూరి వాడి సంగతి చెప్పేశాడు, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ పిలిచింది, అప్పటికి బుజ్జిది నా ఒళ్లో నిద్రపోయింది, ష్ష్ అన్నాను. పొద్దున్నే లేచి "నిన్న ఏదో చెప్తానన్నావు కదమ్మా" అంటే "ఏం లేదులే అమ్మమ్మా" అంది. ఏడేళ్లు కూడా నిండని పిల్ల ఏం లేదులే అనడం నాకు ఇప్పటికీ మనసులో నలుగుతూనే ఉంది.

అందుకే నా దృష్టిలో తేల్చాల్సింది ఎక్కడికి తీసుకెళ్లాలి, ఎంత ఖర్చు అన్నది కాదు, పిల్ల మొదలుపెట్టిన మాట చివరిదాకా చెప్పగలిగిందా లేదా అన్నది. ముగ్గురున్న చోట గొంతు పెద్దగా ఉన్నవాళ్ల మాటే నెగ్గుతుంది, మెతకవాళ్ల మాట నోట్లోనే ఉండిపోతుంది, మధ్యవాళ్ల సంగతైతే మరీను. ఒక్కరే ఉన్నప్పుడు మొదటి గంట మామూలు కబుర్లే, బొమ్మలు, గేములు, టీచర్ల పేర్లు, ఆ గంట దాటాక గానీ అసలు మాట రాదు. అది కూడా ఎదురుగా కూర్చోబెట్టి "ఏంటమ్మా సంగతులు" అని అడిగితే రాదు, పక్కపక్కన నడుస్తున్నప్పుడో చేతిలో ఏదో పని ఉన్నప్పుడో దానంతటదే వస్తుంది.

పెద్దాడి రోజు నాకు పడింది. ఎక్కడికెళ్దాంరా, నీ ఇష్టం అంటే మాల్ అంటాడేమో అనుకున్నా, వాడు ప్రకాశం బ్యారేజీ అన్నాడు. 2024 సెప్టెంబర్‌లో వరదలొచ్చినప్పుడు పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర గుద్దుకోవడం వాడు బెంగళూరులో టీవీలో చూశాడంట, 69వ గేటు అని ఎక్కడో విన్నాడంట, ఆ గేటు చూడాలంట. మేం పెద్దవాళ్లం పది చోట్లు చెప్పుకున్నాం గానీ ఇది మా ఇద్దరి ఊహలోనే లేదు. పొద్దున ఐదున్నరకే బయల్దేరాం. కుడివైపు నది నిండుగా, ఎడమవైపు ఇసుక తిన్నెలు, మధ్యలో మేమిద్దరం సీతానగరం వైపు నడుచుకుంటూ. 1957లో పూర్తయింది ఇది, దీనికి ముందు 1855 నాటి పాత ఆనకట్ట ఉండేది, మొత్తం 70 గేట్లు అని నాకు తెలిసింది చెప్తుంటే వాడు ఒక్కో గేటుకీ వేలు చూపించి గట్టిగా లెక్కపెడుతున్నాడు, ఇరవై, ముప్పై, నేనూ వాడితో పాటు అంటున్నా. నలభై దాటాక వాడి గొంతు తగ్గింది. వేలు మాత్రం ఇంకా చూపిస్తున్నాడు, అంకె వినపడట్లేదు. రెయిలింగ్ పట్టుకుని నిలబడి నీళ్ల వైపు చూస్తూ "అమ్మమ్మా, స్కూల్లో ఒకటి జరిగింది" అన్నాడు.

ఏం జరిగిందో ఇక్కడ రాయను, అది వాడిది. ఫిబ్రవరి నుంచీ లోపల పెట్టుకున్నాడు, ఇంట్లో ఎవరికీ తెలీదు. నేను అడ్డు రాలేదు, అయ్యో అనలేదు, నువ్వేం చేశావు అని అడగలేదు, వాడు చెప్పినంతసేపూ పక్కన నిలబడ్డా. అయ్యాక "అమ్మకి నన్ను చెప్పమంటావా" అంటే "వద్దు, నేనే చెప్తా" అన్నాడు, రెండ్రోజుల తర్వాత చెప్పాడు కూడా. లెక్క ఎక్కడ ఆగిందో ఇద్దరికీ గుర్తులేదు. ఎండెక్కుతోందని వెనక్కి తిరిగి, గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్‌కి వెళ్లి వెన్న ఇడ్లీ తిన్నాం, నాలుగు తిన్నాడు.

ఇది ముగ్గురితో వెళ్లిన రోజు జరిగేదా? నాకైతే నమ్మకం లేదు.

చిన్నది తాతయ్యతో కొండపల్లి వెళ్లింది. ఆయన ఖిల్లా చూపిద్దామనుకుంటే అది బొమ్మల కాలనీలోనే కూర్చుండిపోయిందంట. తెల్ల పొణికి చెక్కతో చేస్తారు కదా ఆ బొమ్మలు, ఒక్కో భాగం విడిగా చెక్కి, చింతగింజల జిగురూ రంపపొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. ఒకామె ఏనుగుకి తొండం అతికించి, అతుకు మీద మక్కు పెట్టి వేలితో నున్నగా రాస్తుంటే ఇది ముప్పావు గంట అలాగే చూసిందంట, ఆ ముప్పావు గంటలో తాతయ్యకి వాళ్ల క్లాసులో అందరి సంగతులూ చెప్పేసిందంట. ఖిల్లా చూడలేదని ఆయన కాస్త నొచ్చుకున్నారు గానీ రాత్రి భోజనాల దగ్గర ఆయన ముఖం చూస్తే నాకు తెలిసింది ఆ రోజు ఎలా గడిచిందో.

బుజ్జిదాన్ని చూసే చోట్లకి ఎక్కడికీ తిప్పలేదు. ఆ రోజు ఇంట్లో గడపడమా, బయట తిప్పడమా అని కూడా అడుగుతున్నారు, ఆరేళ్ల లోపు పిల్లలకి ఇంట్లోనే మేలు అంటాను నేను, మే ఎండలో ఐదేళ్ల పిల్ల పది గంటలకే వాడిపోతుంది. ఆ రోజు మా ఇంట్లో ఆవకాయ. పొద్దున్నే ఇద్దరం వెళ్లి కాయలు ముక్కలు కొట్టించుకొచ్చాం, ఇంటికొచ్చి చాప మీద పాత చీర పరిచి దాని చేతికో పొడి గుడ్డ ఇచ్చా. ఒక్కో ముక్కా తుడవడం, లోపల జీడి దగ్గరుండే పల్చటి పొర గోటితో లాగెయ్యడం, అది దాని పని. పొర మొత్తం ఒకేసారి ఊడొస్తే "నానమ్మా చూడు" అని కాగితంలా ఎత్తి వెలుతుర్లో పట్టి చూపించేది. కారం జోలికి రానివ్వలేదు, గుంటూరు కారం, కంట్లో పడితే ఇంకేమైనా ఉందా. ముక్కలు తుడుస్తూ తుడుస్తూ "నానమ్మా, మా ఇంట్లో లైట్ తీసేశాక నాకు భయమేస్తుంది, నాన్నకి చెప్తే నవ్వుతాడు" అంది. మా అబ్బాయికి చెప్పనా అని అడిగా, చెప్పు అంది, చెప్పాను, ఇప్పుడు దాని గదిలో చిన్న లైటు వెలుగుతోంది. ఆ ఏడాది ఆవకాయ జాడీ మూత మీద దాని పేరు రాసి పంపించా.

ఎండ సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి చెప్తున్నా, విజయవాడ మే నెలలో రోజు అంటే రోజంతా కాదు, రెండు పూటలు. ఐదున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా బయట, తర్వాత ఇంటికొచ్చి స్నానం, భోజనం, కూలర్ ముందు నిద్ర, మళ్లీ సాయంత్రం ఐదున్నర దాటాక. సాయంత్రాలకి స్వరాజ్ మైదానంలో అంబేడ్కర్ విగ్రహం దగ్గరికి వెళ్లొచ్చు, పీఠంతో కలిపి 206 అడుగులు, మెడ వెనక్కి వంచి చూస్తారు పిల్లలు. కొంచెం పెద్ద పిల్లలైతే పొద్దున పూట ఉండవల్లి గుహలు, కొండని నాలుగు అంతస్తులుగా తొలిచి, లోపల ఒకే రాతిలో పడుకున్న విష్ణుమూర్తిని చెక్కారు, పదిహేనేళ్ల లోపు వాళ్లకి టికెట్ లేదు.

మిగతావాళ్లు ఏడవరా అన్నదానికి వస్తే, చెప్పకుండా దొంగచాటుగా తీసుకెళ్తే ఏడుస్తారు. మేం పిల్లలు వచ్చిన రోజు రాత్రే గోడ మీద క్యాలెండర్‌లో ఎవరి రోజు ఏదో వాళ్ల చేతే రాయించాం. మొదటి రోజు అందరికంటే చిన్నదానికి ఇవ్వాలి, ఐదేళ్ల పిల్ల వారం ఆగలేదు, పదకొండేళ్లవాడు ఆగగలడు. చేతి ఖర్చుకి తలా 200, ఎవరికీ ఎక్కువ లేదు తక్కువ లేదు, ఆటో బస్సు ఖర్చు మాది. చోటు మాత్రం సమానంగా ఉండాలని పట్టు పట్టకండి, ఒకడికి నది కావాలి, ఇంకోదానికి మామిడి ముక్కలు చాలు. ఒకళ్లు నాతో ఉన్న రోజు మిగతా ఇద్దరినీ తాతయ్య చూసుకుంటారు, ఆయన రోజున నేను. పెద్దాడి రోజు బుజ్జిది "బావ ఏడి" అని రెండుసార్లు అడిగింది, గోడ మీద అప్పటికే అయిపోయిన దాని రోజు దగ్గర చుట్టిన సున్నా చూపిస్తే సరిపోయింది. ఇంకో మాట, ఆ రోజు మీ ఫోన్ సంచిలో అడుగున పెట్టెయ్యండి, పిల్లల తల్లిదండ్రులు చేస్తే ఎత్తడానికి తప్ప తియ్యకండి.

పిల్లల అమ్మానాన్నల్ని కూడా వెంట తీసుకెళ్తే? వెళ్లొచ్చు, కానీ పిల్ల మాట మళ్లీ వాళ్ల వైపే పోతుంది. మాల్‌కో సినిమాకో తీసుకెళ్తే? అవి బెంగళూరులోనూ హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. తాతయ్య, అమ్మమ్మ ఇద్దరూ కలిసి ఒక్కరిని తీసుకెళ్లడం పర్వాలేదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అదే నయం, కాకపోతే పెద్దవాళ్లం ఇద్దరం ఉంటే మన కబుర్లలో మనం పడిపోతాం. మనవలు ఆరేడుగురు ఉన్న ఇళ్లలో తలా ఒక రోజు కుదరదు, తలా ఒక పూట ఇవ్వండి, పిల్లలు నాలుగు రోజులకే వచ్చి వెళ్లిపోయేట్టయితే తలా ఒక గంట, పాలప్యాకెట్టుకి వెళ్తూ ఒకళ్లని, కూరగాయలకి వెళ్తూ ఇంకొకళ్లని, అది కూడా లెక్కే.

అందర్నీ కలిపి తిప్పడం మేం మానలేదు, మూడు విడి రోజులు పోగా రెండు రోజులు అందరం కలిసే వెళ్లాం, ఒక రోజు మంగళగిరి వెళ్లి పానకాల స్వామికి పానకం పోయించాం, పోసిన దాంట్లో సగం తిరిగొస్తే ప్రసాదంగా ముగ్గురూ పంచుకు తాగారు. ఎవరి మాట వాళ్లు అప్పటికే చెప్పేసుకున్నారేమో, ఆ రోజు నా కొంగు ఎవరూ లాగలేదు, ముగ్గురూ ఒకళ్లనొకళ్లు పట్టుకుని తిరిగారు. అందుకే రెండూ చేసే వీలుంటే ముందు విడి రోజులు పెట్టుకోండి, కలిసి తిరగడం తర్వాత. ఒకటే కుదురుతుందంటే నేను ఆలోచించకుండా విడి రోజే అంటాను.

మొన్న ఆదివారం పెద్దాడు ఫోన్ చేశాడు. టికెట్లు బుక్ చేసేశారంట, మే 4న దిగుతారు. "అమ్మమ్మా, నా రోజు బ్యారేజీయే, మళ్లీ ఒకటో గేటు దగ్గర్నుంచి మొదలుపెడదాం" అన్నాడు.