సూర్యుడి వెంట తిరిగే స్టాండా, కదలని స్టాండా: ఏది మేలు?

నా మాట ముందే చెప్పేస్తాను. ఇంటి డాబా మీది సోలార్ ప్యానెళ్లకి ట్రాకర్ (సూర్యుడి వెంట వాటిని తిప్పే స్టాండు) వద్దు, కదలని స్టాండు చాలు. పొలంలో సోలార్ బోరుకి మాత్రం తిరిగేది కావాలి, అదీ మోటారుది కాదు, చేత్తో తిప్పేది.

ముందు ఇంటి లెక్క చూద్దాం. మన ఎండకి 1 కిలోవాటు ప్యానెళ్లు ఏడాది సగటున రోజుకి 4 యూనిట్లు ఇస్తాయనుకుంటే, 3 కిలోవాట్లకి 12 యూనిట్లు. పొద్దున తూర్పుకి, సాయంత్రం పడమరకి వాలే సింగిల్ యాక్సిస్ ట్రాకర్ పెడితే 15 నుంచి 25 శాతం ఎక్కువ రావచ్చు. మధ్యలో 20 వేసుకున్నా పెరిగేది 2.4 యూనిట్లు. ఇంచుమించు అంతే కరెంటు ఇంకొక్క 550 వాట్ల ప్యానెల్ బిగిస్తే వస్తుంది, దానికి మోటారు లేదు, బేరింగు లేదు, గ్రీజు పెట్టే పని లేదు, గాలివాన వస్తే ఏమవుతుందోనన్న టెన్షనూ లేదు! ప్యానెళ్ల ధరలు ఇంత తగ్గాక ఆ డబ్బు ట్రాకర్‌కి పెట్టడం నాకైతే దండగ అనిపిస్తుంది. పైగా తిరిగే ప్యానెళ్ల నీడ ఒకదాని మీద ఒకటి పడకుండా ఎడం వదలాలి, అంత చోటు మన డాబాల మీద ఎక్కడుంది?

మరి వందల ఎకరాల ప్లాంట్లలో ఎందుకు పెడతారంటే, అక్కడ ఒక్క మోటారు పొడవాటి వరసనంతా తిప్పేస్తుంది, చూసుకోవడానికి మనుషులుంటారు, గాలి పెరిగితే సెన్సరు చూసి ప్యానెళ్లు అవే జాగ్రత్త పడతాయి. ఇంటికి ఆ హంగంతా కుదరదు.

తూర్పు పడమరలకే కాక ఉత్తర దక్షిణాలకీ వాలే డ్యూయల్ యాక్సిస్ ట్రాకర్ ఇంకా ఎక్కువ ఇస్తుంది, నిజమే, కానీ అది మంచి ఎండ ఉన్న రోజు మాట. ముసురు పట్టినప్పుడు వెలుతురు ఆకాశం నిండా పరుచుకుని వస్తుంది, అప్పుడు ఎటు తిప్పినా ఒకటే.

ఏడాదికి రెండుసార్లు వాలు మార్చుకునే స్టాండు ఉంటే డాబాకి అది మంచి బేరం. హైదరాబాద్ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి నుంచి 40 డిగ్రీలు దక్షిణానికి దిగుతాడు, జూన్‌లోనేమో కాస్త ఉత్తరానికే పోతాడు. చలికాలం దక్షిణానికి బాగా వాల్చి, ఎండాకాలం దాదాపు చదునుగా ఉంచితే కొద్ది శాతం కలిసొస్తుంది, నాలుగు నట్లు విప్పి బిగించడమే ఖర్చు. అది లేకపోయినా దక్షిణానికి 15 డిగ్రీల వాలుతో వదిలేస్తే పెద్ద నష్టమేమీ లేదు, దుమ్ము కడుగుతూ ఉండండి చాలు.

బోరు సంగతి వేరు. ఇంట్లో నెట్ మీటరు ఉంటే మధ్యాహ్నం మిగిలిన కరెంటు లైనులోకి వెళ్లి లెక్కకొస్తుంది, కరెంటు లైనుకి కలపని పొలం పంపుకి ఆ వీలు లేదు. పైగా సోలార్ పంపు కాస్త ఎండ పట్టాక గానీ నీళ్లు ఎత్తదు. ప్యానెళ్లు పొద్దున తూర్పుకి తిప్పితే నీళ్లు తొందరగా మొదలవుతాయి, మధ్యాహ్నం దాటాక పడమరకి తిప్పితే సాయంత్రం ఇంకాసేపు పోస్తాయి. ఎలాగూ మడి మార్చడానికి వెళ్లే మనిషి రోజుకి మూడుసార్లు ఫ్రేము తిప్పడం ఎంత పని? కొనేటప్పుడు ఒక్కరే తిప్పగలరో లేదో మీరే తిప్పి చూడండి, లాక్ పిన్ను గట్టిగా పడుతుందో లేదో చూడండి. ఈదురుగాలి మొదలయ్యే సూచన కనబడితే చదునుగా పడుకోబెట్టి పిన్ను వేసేయాలి.