సుగ్గి పట్ట: కాంటా పెట్టించి కొనండి

కర్నూలు జిల్లా కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు నుంచి గుంటూరు, పల్నాడు మిరప చేలకు సుగ్గికి (కోత పనుల వలసకు) పోయే కుటుంబాలు ఆదోని, ఎమ్మిగనూరు బజార్లలో కొనే టార్పాలిన్ పట్టల సంగతి ఇది. కోతలు అయ్యేదాకా ఆ పట్టే ఇల్లు. బియ్యం మూట, గిన్నెలు, చంటిపిల్లల నిద్ర అంతా దాని కిందే. వానలు లేక చేతిలో పైసా ఆడని ఏడు మొదట తగ్గించుకునేది ఈ ఖర్చునే. ఇది తగ్గించకూడని ఖర్చు.

అంగట్లో "మందం పట్ట" అంటే సరిపోదు, ఎన్ని జీఎస్‌ఎం అని అడగాలి. జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు పట్ట ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. 18×24 అడుగుల పట్ట దాదాపు 40 చదరపు మీటర్లు. 200 జీఎస్‌ఎం అయితే 8 కిలోలు తూగాలి. 15×18 అయితే 5 కిలోలు. అదే 18×24 పట్ట నాలుగు కిలోల లోపే తూగితే అది 100 జీఎస్‌ఎం కూడా లేని సరుకు, రేటు ఎంత తక్కువైనా వద్దు. టేపుతోనూ కొలవండి: చెప్పేది అంచు మడవకముందు కత్తిరించిన కొలత, మడిచి అతికాక కొంత తగ్గుతుంది.

పలచ పట్ట మొదట తాళ్లు కట్టే రింగుల దగ్గర చినుగుతుంది. గాలికి పట్ట ఎగిరెగిరి పడే లాగుడంతా అక్కడే పడుతుంది. అంచు మడతలో తాడు ఉన్నది, మూలలకు అదనపు అతుకు ఉన్నది చూసుకోండి. ఎండ దెబ్బను ఆపే యూవీ రక్షణ లేనిది పెళుసెక్కి పొరలుగా రాలుతుంది. రింగు ఊడితే అక్కడ గులకరాయి పెట్టి, పట్టను దాని చుట్టూ ముడిచి తాడు బిగించండి. రింగుకన్నా గట్టిగా నిలుస్తుంది.

నల్లరేగడి తడిస్తే మేకులు పట్టు వదులుతాయి. గుంజలు లోతుగా పాతి, చుట్టూ జానెడు కాలువ తీయాలి. రెండు వైపులా పైన కాస్త సందు వదలకపోతే చలికాలం తెల్లవారుజామున లోపల చెమ్మ పట్టి దుప్పట్లు తడుస్తాయి. పొయ్యి బయటే పెట్టాలి, ఈ ప్లాస్టిక్ అంటుకుంటే కరిగి మీద కారుతుంది.

కల్లంలో మిరపకాయలు ఆరబోసిన పట్టను ఇంటికి కప్పొద్దు. ఆ ఘాటు దుమ్ముకు పిల్లల కళ్లు మండుతాయి.

250 జీఎస్‌ఎం ఇంకా గట్టిదే కానీ 18×24 పట్టే 10 కిలోలు. ఒక కుటుంబానికి 200 చాలు. చిరిగితే మాత్రం సూదితో కుట్టొద్దు, ప్రతి కన్నమూ కారుతుంది. రెండు పక్కలా టేపు అతికించండి.