దక్షిణచిత్ర: పెద్దవాళ్ళతో, పిల్లలతో కలిసి వెళ్ళాల్సిన చోటు

చెన్నైలో వీకెండ్ అనగానే మన తెలుగు ఇళ్ళలో వచ్చే పేర్లు దాదాపు ఒకటే. బీచ్, మాల్, సినిమా, ఊరి నుంచి పెద్దవాళ్ళు వస్తే మైలాపూర్ గుడి. అవన్నీ బాగుంటాయి, కాదనను. కానీ అత్తమామలు, పిల్లలు అందరూ కలిసి వెళ్ళి, ఎవరూ విసుక్కోకుండా గడిపే చోటు ఒక్కటి చెప్పమంటే నేను ముట్టుకాడు దగ్గరున్న దక్షిణచిత్ర పేరే చెబుతాను. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద మహాబలిపురం వెళ్ళేవాళ్ళంతా దాని ముందు నుంచే వెళ్తారు, ఆగేవాళ్ళు తక్కువ. ఆగినవాళ్ళలో కూడా చాలామంది చెట్టినాడు ఇంటి తలుపు దగ్గర ఫోటోలు దిగి గంటలో బయటికొచ్చేస్తారు. నాకైతే అది చూస్తే బాధేస్తుంది.

ఇది దక్షిణాది పాత ఇళ్ళ మ్యూజియం. సినిమా సెట్టింగులు అనుకోకండి. ఎక్కడో కూల్చేయబోతున్న ఇళ్ళను కొని, తలుపులు, దూలాలు, స్తంభాలు జాగ్రత్తగా విప్పి ఇక్కడికి తెచ్చి, ఆ పని తెలిసిన వడ్రంగులతో, మేస్త్రీలతో మళ్ళీ నిలబెట్టారు. అమెరికాలో పుట్టి, తమిళ కుటుంబంలో పెళ్ళి చేసుకుని ఇక్కడ స్థిరపడిన డెబొరా త్యాగరాజన్ 1984లో మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్ పెట్టి ఈ పని మొదలుపెట్టారు. ప్రముఖ ఆర్కిటెక్ట్ లారీ బేకర్ ప్లాన్లు గీసిచ్చారు. 1996 డిసెంబరులో జనానికి తెరిచారు. మొత్తం పదెకరాలు, 18 ఇళ్ళు, తమిళ, కేరళ, కర్ణాటక, ఆంధ్ర అని నాలుగు భాగాలు.

నా సలహా ఏమిటంటే, మనవాళ్ళు ముందు ఆంధ్ర భాగానికి వెళ్ళాలి. అందరూ తమిళ ఇళ్ళ దగ్గరే మొదలుపెట్టి, మన ఇళ్ళ దగ్గరికొచ్చేసరికి ఎండకి అలిసిపోయి పైపైన చూసి వెళ్ళిపోతుంటారు. ఇక్కడ నల్గొండ (ఇప్పుడు తెలంగాణలో ఉంది) వైపు చేనేత ఇల్లు ఒకటి ఉంది. నేతగాళ్ళకి ఇల్లే పని చోటు కదా, నూలు ఎక్కడ సాగదీస్తారు, మగ్గం ఎక్కడ పెడతారు, వంట ఎక్కడ, పడక ఎక్కడ అన్నది ఆ ఇంట్లో నిలబడితే అర్థమవుతుంది. ఇక్కత్ చీరలు కట్టే మనలో చాలామందికి ఆ డిజైను నేసేటప్పుడు పుట్టదని, అంతకుముందే నూలు పోగుల్ని లెక్కగా కట్టి రంగులో ముంచితే వస్తుందని తెలియదు. పిల్లలకి ఇది అక్కడే చెప్పండి, ఇంటికొచ్చాక చెబితే ఎక్కదు.

విశాఖ వైపు తీరంలోని మట్టి ఇళ్ళు నాకు అన్నిటికంటే ఇష్టం. గుండ్రటి గోడ, బాగా కిందికి దిగిన కప్పు, లోపలికి వెళ్ళాలంటే చూరు కింద వంగాల్సిందే. మా అత్తగారిది విజయనగరం జిల్లా. అప్పటిదాకా "ఇంత ఎండలో పాత కొంపలు చూడ్డానికా తీసుకొచ్చారు" అన్న మనిషి దాని ముందుకి రాగానే ఆగిపోయారు. "ఇది చుట్టిల్లమ్మా, మా పెదనాన్న వాళ్ళది అచ్చం ఇలాగే ఉండేది" అని మా పాపని పక్కన కూర్చోబెట్టుకుని, నేల దేనితో అలికేవారో, తుఫాను రాత్రి పక్కిళ్ళ వాళ్ళు కూడా వచ్చి అందులోనే ఎలా సర్దుకునేవారో చెబుతూ ఉంటే వింటూ ఉండిపోయాం. గోడకి మూలలు లేకపోతే గాలి దెబ్బ ఒకచోట గట్టిగా తగలకుండా పక్కలకి జారిపోతుంది, తుఫాన్ల తీరంలో ఇల్లు గుండ్రంగా కట్టుకోవడానికి అదే కారణం. మా పాప వాళ్ళ నానమ్మని అన్ని ప్రశ్నలు అడగడం నేను అంతకుముందు చూడలేదు. పెద్దవాళ్ళని తప్పకుండా తీసుకెళ్ళమని నేను పదే పదే చెప్పేది ఇందుకే. గోదావరి జిల్లాల మండువా లోగిలి, రాయలసీమ మిద్దె ఇల్లు కూడా ఇక్కడ చేరితే ఎంత బాగుంటుందో అని నా కోరిక.

మిగతావాటిలో అగ్రహారం వీధిలో ఇంటికీ ఇంటికీ గోడ ఒకటే, అరుగుల మీద కాసేపు కూర్చోండి. కేరళ చెక్క ఇళ్ళు చల్లగా ఉంటాయి, మధ్యాహ్నానికి అటు చేరేలా చూసుకోండి. కర్ణాటక ఇల్కల్ నేత ఇంటి రాతి గోడలు, నల్గొండ ఇల్లు పోల్చి చూస్తే బాగుంటుంది, పని దాదాపు ఒకటే అయినా ఇల్లు వేరు.

పిల్లలకి కుండలు చేయడం లాంటివి ఉంటాయి, వాటికి డబ్బు విడిగా కట్టాలి. చక్రం మీద మట్టి పెట్టి మా వాడు చేసింది ఏ ఆకారమో చెప్పలేను గానీ వాడి మొహం మాత్రం వెలిగిపోయింది. తోలుబొమ్మలాట లాంటి ప్రదర్శనలు, వర్క్‌షాపులు అన్ని రోజులూ ఒకేలా ఉండవు, బయల్దేరే ముందు ఆ వారం ఏముందో కనుక్కోండి. పొంగల్, ఓణం, బొమ్మల కొలువు సమయాల్లో సందడి ఎక్కువ, జనమూ ఎక్కువే.

ఇక ఇబ్బందులు. నడక చాలా ఉంటుంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి మధ్యమధ్యలో కూర్చునే టైమ్ ఇవ్వాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం వెళ్ళడం దండగ, సముద్రం పక్కనే ఉన్నా ఆ ఉక్కపోతకి ఏ ఇల్లూ చూడబుద్ధి కాదు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. అన్నిటికంటే పెద్ద టెన్షన్ తిరుగు ప్రయాణం. మేము యాప్‌లో బుక్ చేసిన క్యాబ్ డ్రైవరు ముందు ఒప్పుకుని, చాలాసేపు మమ్మల్ని రోడ్డు పక్కన నిలబెట్టి, ఎక్స్‌ట్రా డబ్బు అడిగి, ఇవ్వనన్నందుకు క్యాన్సిల్ చేశాడు. ముసలివాళ్ళతో ఆ రోడ్డు మీద నిలబడటం చాలా కష్టం. సొంత బండి ఉంటే మంచిది, లేదంటే వచ్చిన క్యాబ్‌నే ఆపుకోండి. ఒక్కరో ఇద్దరో అయితే అడయార్ వైపు నుంచి మహాబలిపురం బస్సులున్నాయి.

పక్కనే బోట్ హౌస్, ఇంకాస్త ముందుకెళ్తే మొసళ్ళ పార్కు ఉన్నాయి కదా అని మూడూ ఒకే రోజు పెట్టుకోకండి, ఏదీ సరిగ్గా చూడలేరు. దక్షిణచిత్రకి మంగళవారం సెలవు. ఉదయం పదికల్లా గేటు దగ్గరుండి, నాలుగింటికి బయల్దేరితే, మహాబలిపురం నుంచి తిరిగొచ్చే ఆదివారం సాయంత్రం ట్రాఫిక్‌లో ఇరుక్కోకుండా ఇల్లు చేరతారు.