బుడమేరుకి గోడ మేలా, దాని దారి దానికి వదిలేయడం మేలా?

2024 సెప్టెంబర్ మొదట్లో బెజవాడలో ఒకే ఊళ్లో రెండు రకాల వరద చూశాం. ఒక పక్క కృష్ణ. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, బ్యారేజీ కట్టాక అంత నీరు ఎప్పుడూ రాలేదు, అయినా నది ఒడ్డునే ఉన్న కృష్ణలంక, గోడ కట్టి ఉండబట్టి, నిలబడింది. ఇంకో పక్క బుడమేరు, ఎండాకాలంలో చూస్తే మురుగు కాలవ అనుకుంటారు, అది వచ్చి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ అన్నీ ముంచేసి పోయింది. అప్పట్నుంచీ మా చుట్టాల్లో ఎవరు కలిసినా ఒకటే మాట, కృష్ణలంకకి కట్టినట్టే బుడమేరుకీ రిటైనింగ్ వాల్ కట్టేస్తే గొడవ వదిలిపోద్ది కదా అని. మొదట్లో నేనూ అదే అన్నాను. ఇప్పుడు అనను.

ముందు గోడకి ఇవ్వాల్సిన క్రెడిట్ ఇచ్చేద్దాం. బ్యారేజీ గేట్లన్నీ ఎత్తారంటే చాలు, రాణిగారితోట, తారకరామానగర్ జనం మూటలు సర్దుకుని పిల్లల్ని చంకనేసుకుని పునరావాస కేంద్రాలకి పోయేవాళ్లు, ఏళ్ల తరబడి అదే బతుకు. గోడ వచ్చాక ఆ బాధ తప్పింది, ఏ ప్రభుత్వం ఎంత కట్టిందన్న గొడవ పక్కన పెడితే అది మంచి పని. కానీ ఎందుకు పనిచేసిందో కూడా చూడాలి. అక్కడ బ్యారేజీ పొడవే 1,223 మీటర్లు, కృష్ణకి పారడానికి చోటుంది. గోడ ఒడ్డున నిలబడి నీళ్లు పక్కకి రాకుండా ఆపింది, అంతే.

బుడమేరుకి ఆ చోటు ఏదీ? మైలవరం వైపు కొండల్లో పుట్టి ఊరి పక్కగా వచ్చి కొల్లేరులో కలిసే ఏరు అది. ఊళ్లోకొచ్చేసరికి రెండు వైపులా ఇళ్లే, కొన్నిచోట్ల గట్టు ఎక్కడ అయిపోయిందో ఇంటి గోడ ఎక్కడ మొదలైందో తెలీదు. ఇట్లా ఇరుకైపోయిన కాలవకి రెండు పక్కలా గోడ లేపితే ఏమవుతుంది, నీళ్లు పక్కకి పోలేక పైకి లేస్తాయి, ఎక్కడ వీక్‌గా ఉందో అక్కడ బద్దలుకొట్టుకుని ఒక్కసారిగా పడతాయి. ఇది ఊహించి చెప్పట్లేదు. వెలగలేరు దగ్గర్నుంచి బుడమేరు నీళ్లని కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ ఛానల్‌కి కట్టలు ఉన్నాయి కదా, ఆ వరదకి మూడుచోట్ల గండ్లు పడ్డాయి, ఆర్మీ వచ్చి చేయేస్తే గానీ పూడలేదు. పైగా ఆ ఛానల్ కలిసేది బ్యారేజీకి ఎగువన, కృష్ణ నిండుగా ఉన్నరోజు బుడమేరుని లోపలికి రానివ్వదు, వెనక్కి తోస్తుంది. రెండూ ఒకేసారి పొంగితే కట్ట ఎత్తు పెంచి ఏం లాభం?

ఇంకో సంగతి, గోడ బయటి నీళ్లని ఆపినట్టే లోపలి వాననీ ఆపేస్తుంది. సింగ్‌నగర్ పల్లం. అక్కడ పడ్డ వాన ఎటు పోవాలి? పంపులు, డ్రెయిన్లకి షట్టర్లు, వాటికి మనిషి, కరెంటు పోతే జనరేటర్, ఇవన్నీ లేకుండా గోడ ఒక్కటే కడితే మన ఇంటిచుట్టూ మనమే తొట్టి కట్టుకున్నట్టు.

మా పిన్నివాళ్లిల్లు సింగ్‌నగర్‌లోనే, కింది పోర్షన్. నీళ్లు తీశాక వెళ్లాం. గోడ మీద బురద గీత స్విచ్‌బోర్డు కంటే జానెడు పైకుంది, టేపు పెట్టి గీసినట్టు ఇల్లంతా ఒకే లెవెల్లో. ఫ్రిజ్ వెల్లకిలా పడి తలుపుకి అడ్డం, బియ్యం డబ్బా మూత తీస్తే ఆ వాసనకి ఎవ్వరం నిలబడలేకపోయాం. పిన్ని ఏమీ అనలేదు, ప్లాస్టిక్ కవర్లోంచి ఇంటి కాగితాలు ఒక్కోటి విడదీసి మంచం మీద ఆరేసుకుంటా కూర్చుంది. రిజిస్ట్రేషన్, ఇంటి పన్ను రశీదులు, కరెంటు బిల్లులు, అన్నీ ఉన్నాయి. అందుకే ఆక్రమణలు ఆక్రమణలు అని టీవీలో ఊరికే అరుస్తుంటే నాకు మనసుకి కష్టంగా ఉంటుంది. ఏరు పొంగే పల్లాన్ని లేఅవుట్ చేసి అమ్మినోడు, రిజిస్టర్ చేసినోళ్లు, మీటర్ ఇచ్చినోళ్లు, చవగ్గా వస్తోందని కొన్న మనం, అందరం కలిసే చేశాం ఇది. ప్రభుత్వం కట్టించిన కాలనీలు కూడా మునిగాయి మరి.

ఇక మూడో మాట, ఎగువన రిజర్వాయర్లు కట్టి ఆపేద్దాం అని. దీనికి హైదరాబాదే ఉదాహరణ. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్యగారి సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు, ఒకటి 1920లో, ఇంకోటి 1927లో పూర్తయ్యాయి, ఆ ఊరిని ఎన్నిసార్లు కాపాడాయో. కానీ అవి నిండాక నీళ్లు వదలాల్సిందే, వదిలితే కింద నదికి చోటుండాలి. 2025 సెప్టెంబర్‌లో ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి మూసీ వచ్చేసింది చూశారుగా. కాబట్టి ఎగువన చెరువులు బాగుచెయ్యడం, చిన్న జలాశయాలు కట్టడం అన్నీ మంచివే, వరద వచ్చే టైం కొంచెం లేటవుద్ది, జనాన్ని ఖాళీ చేయించడానికి కొన్ని గంటలు దొరుకుతాయి, అంతవరకే.

నన్నడిగితే మొదటి రూపాయి బుడమేరు వెడల్పుకే పెట్టాలి. అదీ ఊళ్లో ముక్క ఒక్కటే కాదు, వెలగలేరు నుంచి కొల్లేరు దాకా. ఊళ్లో వెడల్పు చేసి ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలవ కింద నుంచి బుడమేరు పోయే సొరంగాన్ని (యూటీ అంటారు) అట్లాగే వదిలేస్తే నీళ్లు అక్కడ ఆగుతాయి. అక్కడ పెంచి, కొల్లేరులో చేపల చెరువుల గట్లు, సముద్రంలోకి పోయే ఒకే దారి ఉప్పుటేరులో పూడిక వదిలేస్తే ఈసారి అటు పల్లెలు మునుగుతాయి, మన నీళ్లు వాళ్ల నెత్తిన పోసినట్టు. డైవర్షన్ ఛానల్ కెపాసిటీ పెంచడం దీనికి తోడు. గోడ ఆ తర్వాత, వెడల్పు చేశాక కూడా అంచున మిగిలే పల్లపు వీధులకి, పంపులతో సహా.

ఈ దారిలో కష్టమేంటంటే కొందరి ఇళ్లు పోతాయి. గోడ అందరికీ నచ్చేది అందుకే, ఎవర్నీ కదపక్కర్లేదు. కానీ కదిపే ముందు ఊళ్లోనే, పనికి పోయే దూరంలో, కట్టిన ఇల్లు చేతికిచ్చి తాళం చెవి వాళ్ల దగ్గర పెట్టి అప్పుడు పాతిల్లు ముట్టుకోవాలి. ఎక్కడో ముప్పై కిలోమీటర్ల అవతల సెంటు స్థలం చూపిస్తే రెండేళ్లలో మళ్లీ గట్టు మీదకే వచ్చేస్తారు. మా పిన్నిని అడిగాను, ఇస్తే వెళ్తావా అని. "సింగ్‌నగర్ బజారుకి నడిచొచ్చేంత దూరంలో ఇస్తే రేపే పోతాన్రా, వాన పడితే చాలు రాత్రంతా నిద్ర పట్టట్లేదు" అంది.