ఏటీఆర్ మోతకు ఏది మేలు: స్పాంజి బిరడాలా, నాయిస్ క్యాన్సలింగ్ హెడ్‌ఫోనా?

కడప నుంచో ఓర్వకల్లు నుంచో ఎగిరేవాళ్లకు ఎక్కువగా దొరికేది ఏటీఆర్ 72 అనే ప్రొపెల్లర్ విమానం. అనంతపురం వాళ్లు బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్లి దాకా రోడ్డున పోయి జెట్ ఎక్కుతారు. చెవులకు ఏం కొనాలో తేల్చేది ముందు ఈ తేడానే. హెడ్‌ఫోన్ డబ్బా మీద రాసే గొప్పలు తర్వాత చూడొచ్చు.

ఏటీఆర్ ప్రొపెల్లర్‌కు ఆరు రెక్కలు. పైకెక్కి కుదురుకున్నాక నిమిషానికి సుమారు 980 చుట్లు తిరుగుతుంది. ఒక్కో రెక్క పక్కగా పోయినప్పుడల్లా గాలి విమానం గోడను ఒక దెబ్బ కొడుతుంది. లెక్క వేస్తే సెకనుకు వందకు కాస్త తక్కువ దెబ్బలు. అందుకే ఆ మోత గుమ్మని, ఒకే శ్రుతిలో, ఎడతెగకుండా ఉంటుంది. నాయిస్ క్యాన్సలింగ్‌కు ఇంతకన్నా సులువైన పని లేదు. మైకు మోతను పడుతుంది, లోపలి స్పీకరు దానికి తలకిందులైన అలను వదులుతుంది, రెండూ కలిసి చాలావరకు చెల్లిపోతాయి. శబ్దం కీచుగా మారే కొద్దీ ఈ లెక్క తప్పుతుంది. వెయ్యి హెర్ట్జ్, అంటే సెకనుకు వెయ్యి కంపనాలు, దాటాక దాని వల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. వెనక సీటులో పసిబిడ్డ ఏడుపు హాయిగా వినబడుతుంది.

బిరడాలు యాభై రూపాయల్లోపే. బ్యాటరీ గొడవ లేదు, ఏడుపునూ మోతనూ రెండిటినీ తగ్గిస్తాయి. కాకపోతే పెట్టుకోవడం చాలామందికి రాదు. సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి, లోపలికి తోసి, ఉబ్బేదాకా వేలితో అదిమి పట్టాలి. పైపైన పెట్టి సందు వదిలితే ముందు లోపలికొచ్చేది ఆ గుమ్మనే మోతే. దూది మాత్రం వద్దు, అది పెద్దగా ఏమీ ఆపదు.

మరి విమానమే ఈ పని చేయకూడదా అంటే, చేసేవి ఉన్నాయి. మన దేశంలో స్పైస్‌జెట్ నడిపిన క్యూ400 అనే ప్రొపెల్లర్ విమానంలో క్యాబిన్ నిండా మైకులు, గోడల ఫ్రేములకు ఎదురు కంపనం పుట్టించే యంత్రాలు ఉంటాయి. 100 హెర్ట్జ్ అల పొడవు 3.4 మీటర్లు. మోత చెల్లిపోయి ప్రశాంతంగా ఉండే చోటు అందులో సుమారు పదో వంతు, అంటే ఓ అడుగు, అంత చోటులో తల పడుతుంది. అదే 1000 హెర్ట్జ్‌కు ఆ చోటు మూడున్నర సెంటీమీటర్లే. అందుకే క్యాబిన్ మొత్తానికి చేసే ఏర్పాటు ప్రొపెల్లర్ మోత లాంటి లోతు శబ్దాలకే పనికొస్తుంది. ఏటీఆర్‌లో ఉన్నది మైకుల ఏర్పాటు కాదు, కంపనాన్ని మింగే బరువులు. వెనక వరుసలో సీటు అడిగితే పైసా ఖర్చు లేకుండా కొంత తగ్గుతుంది, ప్రొపెల్లర్లు ముందు సగం పక్కన ఉంటాయి గనుక.

పైలట్లది వేరే అవసరం, వాళ్లకు రేడియోలో మాట స్పష్టంగా పడాలి. వాళ్ల కోసం బోస్ కంపెనీ 1989లోనే నాయిస్ క్యాన్సలింగ్ హెడ్‌సెట్ అమ్మింది. మామూలు ప్రయాణికుల చెవికి వచ్చింది ఆ తర్వాతే.

నా మాటైతే, కడప–హైదరాబాద్ నెలనెలా తిరిగేవాళ్లు హెడ్‌ఫోనే కొనుక్కోవాలి. ఏడాదికోసారి పెళ్లికి పోయేవాళ్లకు బిరడాలు చాలు. దేవనహళ్లి జెట్‌లో వినబడేది చాలావరకు గాలి ఒరుసుకునే హుష్షుమనే హోరు, అక్కడ హెడ్‌ఫోన్‌కు అంత ఖర్చు పెట్టమని నేను చెప్పను. దిగేటప్పుడు చెవులు దిబ్బెళ్లు పడటం వేరే సంగతి, అది గాలి ఒత్తిడి. దానికి హెడ్‌ఫోన్ పనికిరాదు, గుటకలు మింగాల్సిందే.