ప్యాటర్సన్‌లో సెవిచే పార్సెల్ తెచ్చుకునేవాళ్లు జాగ్రత్త

న్యూజెర్సీలో ఉండే మనవాళ్లందరికీ, ముఖ్యంగా పెరూ తిండి కోసం వీకెండ్‌లో ప్యాటర్సన్ వెళ్లేవాళ్లకి ఇది రాస్తున్నాను. పోయిన శనివారం మేం పడ్డ అవస్థ ఇంకెవరూ పడకూడదు.

మార్కెట్ స్ట్రీట్ చుట్టుపక్కలంతా పెరూవాళ్ల హోటళ్లే. లిటిల్ లిమా అంటారు ఆ ప్రాంతాన్ని. మేం వెళ్లింది చిన్న హోటల్, నాలుగైదు టేబుళ్లు. మధ్యాహ్నం 2 గంటలకి వస్తామని ఫోన్‌లో చెప్పి, బొగ్గుల మీద తిప్పుతూ కాల్చే కోడి, ఒక సెవిచే (నిమ్మరసం కలిపిన పచ్చి చేప ముక్కలు) ఆర్డర్ పెట్టాం. వెళ్లేసరికి సంచి కౌంటర్ మీద రెడీగా ఉంది. సంతోషంగా తీసుకుని బయల్దేరాం. ఇంటికొచ్చేసరికి మూడవుతోంది.

సంచి విప్పితే కింద కోడి డబ్బా, దాని మీదే సెవిచే డబ్బా. సెవిచే మూత అడుగున చెమట పట్టినట్టు నీటి బొట్లు, డబ్బా గోరువెచ్చగా ఉంది. చేప ముక్క ఫోర్కు పెట్టగానే పిండిలా విడిపోయింది. పక్కనున్న లెట్యూస్ వడిలిపోయింది. సంచికి కొట్టిన స్లిప్పు అప్పుడు చూశాను: తయారైన టైము 12:50. అంటే రెండు గంటలకు పైగా వేడి కోడి మీద పచ్చి చేప!

అయినా తిన్నాం. అక్కడే తప్పు చేశాం. పులుపు పడితే చేప నిలవుంటుందని మన నమ్మకం. చేపల పులుసు మర్నాడే రుచి కదా. కానీ పులుసు పొయ్యి మీద ఉడికింది. సెవిచేలో నిమ్మరసం ముక్కని తెల్లగా, గట్టిగా చేస్తుందే గానీ మంట చంపినట్టు క్రిముల్ని చంపదు. పెరూలో దాన్ని మధ్యాహ్నమే, అప్పటికప్పుడు కలిపి తింటారు.

రాత్రి పదికి మా ఆయనకి వాంతులు మొదలయ్యాయి, అర్ధరాత్రికి నాకూ. తెల్లవార్లూ ఓఆర్ఎస్ తాగుతూ కూర్చున్నాం. పాపకి పెట్టలేదు, అదొక్కటే అదృష్టం. మర్నాడు ఫోన్ చేస్తే "తీసుకెళ్లాక మాకు సంబంధం లేదు, ఈసారి వచ్చినప్పుడు పది శాతం తగ్గిస్తాం" అన్నారు. మళ్లీ వెళ్తామా!

కోడి మాత్రం నిజంగా బాగుంది, దాంతో ఇచ్చిన ఆకుపచ్చ సాస్ ఇంకా బాగుంది. అందుకే పెరూ తిండే వద్దని అనను. సెవిచే మాత్రం అక్కడే కూర్చుని తినండి. తప్పదు, పార్సెలే కావాలంటే వెళ్లాకే కలపమనండి, వేడి వాటితో కాకుండా వేరే సంచిలో అడగండి, కారులో ఐస్ పెట్టె ఉంచుకోండి. కౌంటర్ దగ్గరే డబ్బా పట్టుకు చూడండి, చల్లగా లేకపోతే మొహమాటపడకుండా తిరిగిచ్చేయండి. బయట రెండు గంటలు, 90 ఫారెన్‌హీట్ దాటిన ఎండలో గంట, అంతకు మించి ఉంటే పారేయమనే ఇక్కడి ప్రభుత్వం చెబుతుంది. గర్భిణులు పచ్చి చేప అసలు ముట్టుకోవద్దు.

తలుపు దగ్గర అతికించే తనిఖీ కాగితం కూడా చూడండి, "శాటిస్‌ఫాక్టరీ" అని ఉండాలి. మేం చూడలేదు. స్లిప్పు, ఫొటోలు జతచేసి అక్కడి హెల్త్ డిపార్ట్‌మెంట్‌కి నిన్న కంప్లైంట్ పంపాను.